గాయకులు పొలాలకు పారిపోయారు



నెహెమ్యా 13:10, 11 చదవండి. నెహెమ్యా రాజు దగ్గర నుంచి తిరిగి వచ్చేసరికి లేవీయులకు, గాయకులకు రావలసిన పాళ్లు ఎవరూ ఇవ్వడం లేదు. బతకడానికి వాళ్లు ఎవరి పొలానికి వాళ్లు పారిపోయారు. నెహెమ్యా వాళ్లను పట్టుకుని భక్తి తగ్గిందని గద్దించలేదు. పాళ్లు ఎగ్గొట్టిన అధికారులను నిలదీశాడు. అప్పుడే గాయకులు తిరిగి తమ స్థలాల్లో నిలబడ్డారు.

మన క్రైస్తవ పాటల లోకంలో ఇప్పుడు జరుగుతున్నది అదే. ఒకరు పాట రాస్తారు, ఒకరు బాణీ కడతారు, తబలా, కీబోర్డు వాయించేవారు రాత్రంతా స్టూడియోలో కూర్చుంటారు. పాట యూట్యూబ్‌లోకి వెళ్తుంది. మామూలు వీడియో మీద వచ్చే ప్రకటనల ఆదాయంలో 55 శాతం ఛానల్ యజమాని ఖాతాలో పడుతుంది. అందులో రాసినవారికి, వాయించినవారికి ఎంత అన్నది ఆయన దయ. స్పాటిఫైలోనైతే 2024 నుంచి, ఏడాదిలో 1,000 సార్లు వినబడని పాటకు రాయల్టీ పైసా కూడా రాదు.

కంపెనీలు వ్యాపారానికే పుట్టాయి, వాటి సంగతి అలా ఉంచండి. దేవుని పేరు పెట్టుకున్న మన సంగతేమిటి?

అడిగితే ఒకటే జవాబు: "ఇది సేవ బ్రదర్!" వెంటనే మత్తయి 10:8 చూపించి, ఉచితంగా పొందినది ఉచితంగా ఇవ్వాలంటారు. రెండు వచనాలు కిందికి రండి. పనివాడు తన ఆహారానికి పాత్రుడని చెప్పింది కూడా అదే ప్రభువు. "నాకేమీ వద్దు" అని రచయిత అంటే అది అతని కానుక, దేవుడు అంగీకరిస్తాడు. ఆ పాట మీద డబ్బు తీసుకుంటున్నవాడు "నీకేమీ వద్దులే" అంటే అది కానుక కాదు, కూలి ఎగ్గొట్టడం. కోత కోసినవాళ్లను సాయంత్రం "దేవుడు దీవిస్తాడు, వెళ్లండి" అని పంపేస్తే మన ఊళ్లో ఊరుకుంటారా? బిగబట్టిన ఆ కూలే మొరపెడుతుందని యాకోబు 5:4లో హెచ్చరించాడు.

దేశ చట్టం కూడా ఈ విషయంలో మనకంటే ముందుంది. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం ప్రకారం గీత రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను నిర్మాతకు వదులుకుంటున్నామని సంతకం పెట్టినా అది చెల్లదు. ఆదివారం ఆరాధనలో పాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, చట్టమే ఆ వెసులుబాటు ఇచ్చింది. నా గొడవంతా పాటతో సంపాదించేవారితోనే.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనకు ఆయన పేరు ఇప్పటికీ ఉంది. ఈనాటి వీడియోల్లో ప్రసంగీకుని ఫోటో పెద్దగా ఉంటుంది, రచయిత పేరు ఎక్కడో అడుగున ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు.

కాబట్టి ఛానల్ నడిపే సేవకులారా, రికార్డింగుకు ముందే ఎవరి వాటా ఎంతో కాగితం మీద రాసుకోండి. వాయించినవారికి ఆ రోజు కూలి ఆ రోజే ఇవ్వండి. రాసినవారి పేరు పాట పేరు పక్కనే వేయండి. విశ్వాసులారా, ఇంకొకరి పాటను డౌన్‌లోడ్ చేసి మీ ఛానల్‌లో ఎక్కించకండి. రచయిత సొంత ఛానల్‌లోనే వినండి. సంఘ కమిటీ పెద్దలారా, కూటాలకు ప్రసంగీకునికి కవరు సిద్ధం చేసేటప్పుడు తబలా వాయించే తమ్మునికీ ఒకటి సిద్ధం చేయండి. అతనికి బస్సు చార్జీలు ఇస్తే సరిపోదు.

గాయకులు పొలాలకు వెళ్లిపోయాక మందిరం ఎందుకు మూగబోయిందని ఏడ్చి లాభం లేదు. న్యాయమైన త్రాసు పట్టుకునే మనసు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.