ఆటను ఫోన్‌లోంచి హాల్లోకి తెండి

"సార్, ఫోన్ గుంజుకుంటే పోరడు మీదికొస్తున్నడు. ఏదన్న మందుంటె రాయుండ్రి."

ఓపీలో ఈ మాట వినని వారం ఉండదు. పిల్లవాడి జ్వరం సంగతి అయిపోయాక, కుర్చీలోంచి లేస్తూ లేస్తూ అడుగుతారు. నర్సింహులపేట, దంతాలపల్లి, మరిపెడ వైపు నుంచి వచ్చినవారైనా, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ పండక్కి ఊరికొచ్చినవారైనా కోరేది ఒకటే, గేమ్‌లు పూర్తిగా మాన్పించమని. నేను మాన్పించమనను. ఆడే చోటు మార్చమంటాను. దుప్పటి కింద ఫోన్‌లో ఆడే ఆటను హాల్లో ఉన్న టీవీ మీదికి తెమ్మంటాను. డాక్టరై ఉండి ఇదేం సలహా అనుకునేవారి కోసం ఈ వారం కాస్త వివరంగా చెబుతాను.

నాకూ గేమ్‌లంటే ఇష్టమని ముందే చెప్పేస్తున్నాను. టీవీకి తగిలించే గేమ్ డబ్బా, అందులో గుచ్చే పసుపు క్యాసెట్, మారియో, కాంట్రా మా తరం వాళ్లకు గుర్తుండే ఉంటాయి. 1983లో జపాన్‌లో నింటెండో తెచ్చిన ఫ్యామికామ్‌కు అది నకలని మాకప్పుడు తెలియదు. క్యాసెట్ మీద 9999 ఆటలని రాసి ఉండేది. లెక్కపెడితే పదో పదిహేనో తేలేవి, మిగతావన్నీ వాటికే మారుపేర్లు! ఇప్పటికీ డ్యూటీ లేని ఆదివారం పిల్లలతో కూర్చుని గంట, గంటన్నర ఆడతాను. ఆటల మీద నాకు పక్షపాతం ఉందనుకున్నా ఫర్వాలేదు.

ఆ డబ్బాకు ఒక మంచి గుణం ఉండేది. ఇంట్లో టీవీ ఒకటే. ఎవరు ఏం ఆడుతున్నారో అందరికీ కనిపించేది. ఓడితే రిమోట్ తమ్ముడికి ఇవ్వాల్సిందే. వార్తల వేళకు తాత వచ్చాడంటే ఆట బంద్. అసలు మన పల్లెలకు టీవీ వచ్చిందే ఉమ్మడి వస్తువుగా. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు ప్రసారాలు అందించిన ‘సైట్’ ప్రయోగంలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఊళ్లూ ఉన్నాయి. ఊరందరికీ కలిపి ఒక సెట్, దాని ముందు ఊరంతా. ఆ తర్వాత వీసీఆర్ కిరాయికి తెచ్చి వాకిట్లో రాత్రంతా మూడు సినిమాలు చూసిన రోజులూ అలాంటివే.

2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక తెర జేబులోకి చేరింది. 2020లో కరోనా బళ్లు మూయించింది. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో ప్రభుత్వ బడి పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో వచ్చాయి. కానీ చాలా ఇళ్లలో ఆన్‌లైన్ క్లాసుల కోసమని పిల్లల చేతికి ఫోన్ ఇచ్చాం. క్లాసులు ఆగినా ఫోన్ వెనక్కి రాలేదు. ఆ మరునాడే, సెప్టెంబరు 2న, కేంద్రం పబ్జీని నిషేధించింది. పిల్లలు ఆగారా? ఫ్రీ ఫైర్‌కు మళ్లారు. 2021లో పబ్జీయే బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది. ఒక్క ఆటను నిషేధిస్తే పిల్లలు ఆట మానరు, పేరు మారుస్తారంతే.

ఇక వైద్యం సంగతికి వస్తాను. పిల్లలు ఫోన్‌ను ముఖానికి 20 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటారు. అంత దగ్గరి బొమ్మ స్పష్టంగా కనపడాలంటే కంటి లోపలి కండరం 5 డయాప్టర్ల మేర బిగుసుకోవాలి. రెండున్నర మీటర్ల దూరంలోని టీవీకి 0.4 చాలు. అంటే కంటి మీద శ్రమ పన్నెండో వంతు కూడా ఉండదు. పైగా తదేకంగా చూస్తే రెప్పలు కొట్టడం తగ్గి కళ్లు పొడిబారతాయి. దగ్గరి చూపు పని ఎక్కువై, ఎండ తగలడం తక్కువైతే దూరపు చూపు మందగిస్తుంది. తైవాన్‌లో 2010 నుంచి బడిపిల్లలను రోజుకు 120 నిమిషాలు ఆరుబయట ఉంచే కార్యక్రమం పెట్టాక, ఏళ్లుగా పెరుగుతూ వచ్చిన చూపు సమస్యలు తగ్గుముఖం పట్టాయి. కాబట్టి గేమ్ గంట ఎంతసేపని కొట్లాడే ముందు, పిల్లవాడు పగలు రెండు గంటలు బయట ఉంటున్నాడా అని చూడండి. మన ఊళ్లలో దానికి పైసా ఖర్చు లేదు.

చెవి కూడా అంతే. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న పిల్లవాడు ఎంత శబ్దం వింటున్నాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. పిల్లలకు 75 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటల వరకే సురక్షితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. శబ్దం పెరిగేకొద్దీ ఆ గంటలు వేగంగా తగ్గిపోతాయి. ఫోన్‌లో సౌండ్ 60 శాతం దాటనివ్వకండి. టీవీలో ఆడితే ఈ బాధే లేదు, గోల ఎక్కువైతే వంటింట్లోంచి అమ్మే అరుస్తుంది.

నిద్ర గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. టీవీ పడుకునే మంచం దాకా రాదు, ఫోన్ వస్తుంది.

ఆడేవాడిగా తల్లిదండ్రులకు ఒక కిటుకు చెబుతాను. మారియో లాంటి ఆటకు గట్టు ఉంటుంది. లెవెల్ అయిపోతుంది, కావాలంటే మధ్యలో ఆపవచ్చు. బీజీఎంఐ లాంటి ఆటలో వంద మంది ఒకేసారి దిగుతారు, ఒక్కో మ్యాచ్ అరగంట దాకా సాగుతుంది, మధ్యలో ఆపే వీలే ఉండదు. సరిగ్గా అప్పుడే మీరు "అన్నానికి రా" అని పిలిచి, రాకపోతే ఫోన్ లాక్కుంటారు. క్రికెట్‌లో ఆఖరి ఓవర్ చూస్తున్న మిమ్మల్ని టీవీ కట్టేసి లేపితే ఎలా ఉంటుందో వాడికీ అలాగే ఉంటుంది. "ఈ మ్యాచ్‌కు ఇంకెంతసేపు?" అని అడగండి. అది అయ్యాక రెండోది మొదలుపెట్టనివ్వకండి. మందు రాయమని వచ్చిన వాళ్లలో చాలామందికి నేను చెప్పేది ఇదే.

మరి ఇది జబ్బు కాదా? కొందరిలో జబ్బే. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో 2022 జనవరి నుంచి ‘గేమింగ్ డిజార్డర్’ ఉంది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికన్నా ఆటే ముఖ్యమైపోవడం, నష్టం జరుగుతోందని తెలిసినా కొనసాగించడం, దానివల్ల చదువో కుటుంబమో గట్టిగా దెబ్బతినడం, ఇదంతా మామూలుగా ఏడాది పాటు కనిపించాలి. సెలవుల్లో రోజంతా ఆడి, బడి తెరవగానే మామూలైన పిల్లవాడికి ఆ పేరు పెట్టకండి. బడి మానేసి, స్నేహితుల్ని వదిలేసి, రాత్రిపగళ్లు తారుమారైతే మాత్రం మానసిక వైద్యుడికి చూపించాల్సిందే. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో 2014 నుంచి ఇందుకోసమే ‘షట్’ క్లినిక్ నడుస్తోంది. అన్నట్టు, మెదడు పెరుగుతుంది, చేయి తిరుగుతుంది అంటూ గేమ్‌లను మందులా అమ్మేవాళ్లనూ నమ్మకండి. పక్షవాతం వచ్చినవారి చేత నింటెండో వీ ఆటలు ఆడించి చూసిన ఒక పెద్ద అధ్యయనం 2016లో వచ్చింది. పేకముక్కల్లాంటి మామూలు కాలక్షేపం కన్నా వాటితో అదనంగా ఒరిగిందేమీ లేదని తేలింది.

హాల్లోకి తేవడానికి యాభై వేల గేమ్ బాక్స్ కొనక్కర్లేదు. చాలా ఫోన్లలోని ఆటను టీవీ మీద చూపించవచ్చు, చేతికి ఒక మామూలు కంట్రోలర్ చాలు. రెండేళ్ల లోపు పిల్లలకు ఏ తెరా వద్దు, అయిదేళ్ల దాకా రోజుకు గంట మించవద్దు. టీవీని తలుపు గడప మీద, దేవుడి పటాల వరుసలో బిగించకండి, మెడలు పడతాయి. కూర్చుంటే కంటి ఎత్తులో ఉండాలి, 43 అంగుళాల టీవీకి అయిదారు అడుగుల దూరం కావాలి. షాపులో మెరవడానికి పెట్టిన ‘వివిడ్’ వెలుగు తీసేసి ‘సినిమా’ మోడ్ పెట్టండి, రాత్రి కళ్లకు హాయి. తాత రోజురోజుకీ వాల్యూమ్ పెంచుతుంటే టీవీని తిట్టకండి, ఆయన చెవులు పరీక్ష చేయించండి.

ఇంతసేపూ పిల్లల గురించే మాట్లాడాను, అడిగేదీ వాళ్ల గురించే కాబట్టి. నన్ను ఎక్కువ భయపెట్టేది తండ్రుల ఫోన్. ముప్పై అయిదేళ్ల మనిషి గుండె దడ, నిద్ర లేదని వస్తాడు. ఈసీజీ బాగుంటుంది, బీపీ ఎక్కువ ఉంటుంది. భార్యను కాసేపు బయట కూర్చోమని అడిగితే అప్పుడు చెబుతాడు, రమ్మీ అనో, క్రికెట్ బెట్టింగ్ అనో. పోయింది పత్తి అమ్మిన డబ్బు, లేదా జీతం మీద తీసిన లోను. దీన్ని గేమ్ అనడమే తప్పు. తెలంగాణ 2017లోనే చట్టం సవరించి డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అందులో శిక్ష ఆడించేవారికి, ప్రచారం చేసేవారికి. ఆడి నష్టపోయినవారికి కాదు. కాబట్టి కేసవుతుందని దాచుకోవద్దు.

ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే ముందు పరువు లెక్క పక్కన పెట్టండి. బ్యాంకు ఖాతా, యూపీఐ కొన్నాళ్లు ఇంకొకరి చేతిలో ఉండాలి. అప్పు ఎంతో ఒక్కసారే చెప్పించండి, విడతలుగా చెబితే ఇంకా దాస్తున్నట్టే. పంట చేసే ఇల్లయితే పురుగుమందు డబ్బాలు ఆ రోజే ఇంట్లోంచి తీసి తాళం వేయండి. చచ్చిపోవాలనిపిస్తోందని అన్నాడంటే ఆ రాత్రి ఒంటరిగా వదలకండి, పొద్దున్నే ఆసుపత్రికి తీసుకురండి. 14416 టెలీ మానస్ నంబరు, ఎప్పుడైనా చేయవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మోసపూరిత యాప్‌లో డబ్బు పోతే 1930కి వెంటనే ఫోన్ చేయండి, ఎంత ఆలస్యమైతే తిరిగొచ్చే అవకాశం అంత తగ్గుతుంది.