కర్మాగారం వదిలేసిన చదువు

మన రైలుమార్గాలకు పొడవాటి పట్టాలు ప్రధానంగా వచ్చేది ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు కర్మాగారం నుంచే. ఇప్పుడక్కడ ఒక్కో పట్టా 130 మీటర్ల పొడవున సాగి వస్తుంది. రెండేసి అతికి, 260 మీటర్ల పట్టాగా చేసి, వరస వ్యాగన్ల మీద పరిచి పంపుతారు. చూసేవాళ్లు ఆ పొడవుకే నోరు తెరుస్తారు. అసలు సంగతి మాత్రం కంటికి ఆనేది కాదు. పట్టా ఉక్కులో హైడ్రోజన్ పది లక్షల భాగాల్లో 1.6 భాగాలకు మించకూడదని రైల్వేల నిబంధన. మించితే, ఉక్కు చల్లారాక లోపల్లోపలే వెంట్రుకవాసి పగుళ్లు పుడతాయి. పైకి నున్నగానే ఉంటుంది. ఏళ్ల తరబడి చక్రాలు దొర్లి దొర్లి ఏదో చలికాలపు రాత్రి విరుగుతుంది. అందుకే కరిగిన ఉక్కును దిమ్మెలుగా పోతపోసే ముందు శూన్యం గుండా తిప్పి వాయువును లాగేస్తారు.

ఆ యంత్రం మీద చెయ్యి తిరగడానికి కొన్ని వారాలు చాలు. కానీ నిన్నటిదాకా 1.3 చూపించిన రీడింగు ఇవాళ 1.7కి ఎందుకు పాకింది? వానకు సున్నం తేమ పట్టిందా, కరిగిన ఉక్కు పోసే లాడిల్‌లో కొత్తగా పేర్చిన ఇటుకలు సరిగా ఆరలేదా, లేక శూన్యమే సరిగా ఏర్పడటం లేదా? ఆ అనుమానం సరైన చోట రావాలంటే రసాయనశాస్త్రం, లోహశాస్త్రం ఎవరో ఒకరు ఓపిగ్గా నాలుగేళ్లు చెప్పి ఉండాలి. ఆ చెప్పేవాళ్లు ఎవరు, వాళ్లకు జీతం ఎవరిస్తున్నారు అన్నదే ఈ వారం నా గొడవ.

భిలాయి మనవాళ్లకు పరాయి ఊరు కాదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు భిలాయి చుట్టం ఒక్కరూ లేని ఊరు వెతుక్కోవాల్సిందే. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. నాలుగేళ్లు తిరిగేసరికి, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించారు. చుట్టూ దుర్గ్ జిల్లా వరిపల్లెలు. కర్మాగారం నిలబడాలని పునాదుల్లో పిల్లల్ని బలి ఇస్తున్నారన్న పుకార్లు పుట్టి, ఆ పల్లెల జనం మొదట్లో అటు పోవడానికే జడిశారని మానవశాస్త్రజ్ఞుడు జొనాథన్ ప్యారీ రాశారు. భిలాయి కార్మికుల మీద ఆయన కొన్ని దశాబ్దాలు పని చేసి, 2020లో పెద్ద పుస్తకమే వెలువరించారు. స్థానికులు వెనకాడిన చోటికి మన ఉత్తరాంధ్ర జనం, మలయాళీలు, బెంగాలీలు, పంజాబీలు, బిహారీలు వెళ్లారు. వాళ్లలోనూ ఉక్కు పని తెలిసి వెళ్లినవాళ్లు తక్కువే. కర్మాగారమే నేర్పింది. ఇంజనీర్లను వందల సంఖ్యలో సోవియట్ దేశానికి పంపింది, కార్మికులకు తన శిక్షణ సంస్థలోనే పని చెప్పింది, టౌన్‌షిప్‌లో వాళ్ల పిల్లలకు బళ్లు పెట్టింది.

ఇదంతా అందరూ చెప్పుకునేదే. ఎవరూ పెద్దగా చెప్పుకోనిది ఒకటుంది. భిలాయికి కూతవేటు దూరంలోని రాయ్‌పుర్‌లో 1956లోనే ప్రభుత్వ గనులు, లోహశాస్త్ర కళాశాల మొదలైంది. దానికి శంకుస్థాపన చేసిందీ రాజేంద్ర ప్రసాదే. అంటే కొలిమి వెలగడానికి మూడేళ్ల ముందే చదువు వెలిగింది. దల్లీ రాజ్‌హరాలో ఇనుప రాయి, నందినిలో సున్నపురాయి ఉన్నాయి కాబట్టి ఈ నేలకు ఏ చదువు కావాలో ఎవరో ఆలోచించి, ప్రభుత్వ ఖర్చుతో ఆ రెండు విద్యలే పెట్టారు. ఆ కళాశాలే తర్వాత ఇంజనీరింగ్ కళాశాలగా పెరిగి, 2005 డిసెంబరులో రాయ్‌పుర్ ఎన్ఐటీ అయింది.

సెక్టార్ 5లో బాలాజీ గుడి దగ్గర ఒక పెద్దాయన మాటల్లో పడ్డారు. టెక్కలి వైపు మనిషి, రిటైరై చాలా కాలమైంది. ‘‘మా రోజుల్లో పదో తరగతి పాసైతే చాలు బాబూ. లోపలికి తీసుకుని, జీతమిచ్చి మరీ ఆళ్లే పని నేర్పీవోరు. మా మనవడు బీటెక్ చదివేడు. ఇప్పుడు అదే ప్లాంటులో కాంట్రాక్టరు కింద ఉన్నాడు’’ అన్నారు. ఏం పనండీ అని అడిగాను. ‘‘గేటులో వచ్చే బళ్ల లెక్క రాస్తాడు’’ అని, గుళ్లో గంట మోగితే లేచి వెళ్లిపోయారు.

తాత కాలానికీ మనవడి కాలానికీ మధ్య ఏం జరిగింది? కర్మాగారం చిన్నదేమీ కాలేదు. పది లక్షల టన్నులతో మొదలై, 1988 నాటికి నలభై లక్షలకు పెరిగి, 2018లో జాతికి అంకితం చేసిన విస్తరణతో డెబ్బై లక్షల సామర్థ్యానికి చేరింది. మనుషులే తగ్గారు. ఒకప్పుడు అరవై వేలు దాటిన పర్మనెంట్ కొలువులు ఇప్పుడు అందులో సగం కూడా లేవు. మిగిలిన పనిలో చాలా భాగం కాంట్రాక్టు కార్మికులది. కాంట్రాక్టరు ఎవరికీ లోహశాస్త్రం చెప్పడు. చెప్పాల్సిన అవసరమూ అతనికి లేదు. టెండరు గడువు తీరాక ఈ మనుషులు ఎవరి మనుషులో అతనికే తెలియదు. తన అవసరం కోసం నేర్పిన కర్మాగారం, అవసరం తగ్గాక నేర్పడం తగ్గించుకుంది. ఇందులో దాన్ని తప్పు పట్టడానికేమీ లేదు. ఒక రాష్ట్రం తన పనివాళ్ల చదువును ఒక కర్మాగారం పద్దులో వదిలేయడమే తప్పు.

వదిలేశాక రాష్ట్రం ఏం చేసింది? ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ కథ మామూలుది కాదు. 2000 నవంబరులో పుట్టిన ఛత్తీస్‌గఢ్‌కు రెండేళ్లు నిండేసరికి ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం వచ్చింది. గెజిట్‌లో ఒక నోటిఫికేషన్ వేస్తే విశ్వవిద్యాలయం పుట్టినట్టే. దాదాపు ఏడాది కాలంలో 112 పుట్టాయి. చాలా వాటికి భవనాలు లేవు, ప్రాంగణాలు లేవు, ఒక్క గదిలో నడుస్తున్నాయి. ఊరికో వేరుశనగ మిల్లు పెట్టాలన్నా ఇంతకంటే ఎక్కువ కాగితాలు కావాలి. యూజీసీ మాజీ చైర్మన్, శాస్త్రవేత్త ప్రొఫెసర్ యశ్‌పాల్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2005 ఫిబ్రవరి 11న కోర్టు ఆ చట్టంలోని కీలక సెక్షన్లను కొట్టేసింది. వాటి కింద పుట్టిన విశ్వవిద్యాలయాలన్నీ ఆ ఒక్క తీర్పుతో లేనివైపోయాయి.

మరి అప్పటికే చేరిన పిల్లలో? వాళ్ల చదువు గంగపాలు కాకుండా, తరగతులు నిజంగా నడుస్తున్న సంస్థలను అప్పటికే ఉన్న రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు అనుబంధం చేసే మార్గం చూడమని కోర్టు ప్రభుత్వానికి చెప్పింది. దగ్గరి దారి వెతికిన ప్రతివాడూ జారుకున్నాక బిడ్డల్ని ఎత్తుకోవడానికి ఎవరు మిగిలారో గమనించారా? పాతబడిన భవనాలు, ఆలస్యపు ఫలితాలు, ధర్నాలు ఉంటాయని మనం ముఖం చిట్లించే ఆ ప్రభుత్వ విశ్వవిద్యాలయమే. ఒక తీర్పు వస్తేనో ఒక యజమాని దివాలా తీస్తేనో అది మాయం కాదు. నలభై ఏళ్ల కింద ఇచ్చిన సర్టిఫికెట్ నిజమో కాదో ఇవాళ అడిగినా జవాబు చెప్పే ఆఫీసు అక్కడ ఉంటుంది. పని ఇచ్చే యజమానికి కావాల్సిన మొదటి నమ్మకం అదే కదా.

ఆ తీర్పుకు మూడు వారాల ముందు, అదే 2005 జనవరిలో, భిలాయి కేంద్రంగా ఛత్తీస్‌గఢ్ స్వామి వివేకానంద సాంకేతిక విశ్వవిద్యాలయం చట్టం అమల్లోకి వచ్చింది. రాష్ట్రంలోని ఇంజనీరింగ్ కళాశాలలు, పాలిటెక్నిక్‌లు, ఫార్మసీ కళాశాలలు దాని కిందికి వచ్చాయి. కొలిమి వెలిగిన నలభై ఆరేళ్లకు ఉక్కు నగరానికి ఒక సాంకేతిక విశ్వవిద్యాలయం! ఆలస్యమైనా సంతోషమే. చిక్కల్లా దాని పుట్టుకలోనే ఉంది. అది ప్రధానంగా అనుబంధ విశ్వవిద్యాలయం. సిలబస్ తయారుచేయడం, ప్రశ్నపత్రాలు పంపడం, జవాబుపత్రాలు దిద్దించడం, పట్టాలివ్వడం. బోధన జరిగేది ఎక్కడో, చెప్పేది ఎవరో.

హైదరాబాద్‌లో కూర్చుని దీనికి నవ్వే హక్కు మనకు లేదు. 1972లో పుట్టిన మన జేఎన్‌టీయూ 2008లో ముక్కలైంది. ఆ ముక్కలూ వందలాది ప్రైవేటు కళాశాలలకు పరీక్షలు పెట్టే పనిలోనే అలిసిపోయాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ పేరుతో ప్రభుత్వ సొమ్ము ఏటా ప్రైవేటు కళాశాలల ఖాతాలకు వెళ్తుంటే, విశ్వవిద్యాలయాల్లో రిటైరైన ప్రొఫెసరు కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. ఆ పథకం వల్ల లక్షల ఇళ్లలో మొదటి ఇంజనీరు పుట్టాడు, దాన్ని కాదనను. కానీ ఆ సొమ్ములో కొంత వంతు ప్రొఫెసరు కుర్చీల మీద పెట్టి ఉంటే, ఆ మొదటి ఇంజనీరుకు పాఠం చెప్పింది నిరుడు పాసైన కుర్రాడు అయ్యుండేవాడు కాదు.

ఛత్తీస్‌గఢ్‌కు ఇంకో ఘనత ఉంది. యువతకు నైపుణ్య శిక్షణను చట్టబద్ధమైన హక్కుగా ఇచ్చిన మొదటి రాష్ట్రం అదే, 2013లో. 14 నుంచి 45 ఏళ్ల మధ్య ఎవరు దరఖాస్తు పెట్టుకున్నా 90 రోజుల్లో శిక్షణకు అవకాశం కల్పించాలి. మంచి చట్టం, మన రెండు రాష్ట్రాలూ చదవాల్సిన చట్టం. అయితే తొంభై రోజుల్లో శిక్షణ ఇచ్చే గురువు తొంభై రోజుల్లో తయారు కాడు. ఐటీఐ ఇన్‌స్ట్రక్టరు పాలిటెక్నిక్ నుంచి రావాలి, పాలిటెక్నిక్ లెక్చరరు ఇంజనీరింగ్ కళాశాల నుంచి రావాలి, అక్కడి ప్రొఫెసరు పరిశోధన జరిగే విశ్వవిద్యాలయం నుంచి రావాలి. పైన నీళ్లు లేకుండా కింది కాలువలో తూము ఎత్తితే ఏం లాభం? తెలంగాణ 2024లో స్కిల్ యూనివర్సిటీ మొదలుపెట్టి, పారిశ్రామికవేత్త ఆనంద్ మహీంద్రాను దానికి అధ్యక్షుడిగా తెచ్చుకుంది. పరిశ్రమ అడిగిన కోర్సు పరిశ్రమే రూపొందించడం బాగానే ఉంటుంది. కాకపోతే పరిశ్రమ ఇవాళ్టి ఖాళీని బట్టి అడుగుతుంది, పదేళ్ల తర్వాత కొలువు ఎలా ఉంటుందో దానికీ తెలియదు. భిలాయి తాత పని నేర్చుకున్న యంత్రాల్లో చాలా వాటిని ఈపాటికి పాత ఇనుము కింద కరిగించేసి ఉంటారు.

ఎన్ని ప్లేస్‌మెంట్లు, ఎంత ప్యాకేజీ అన్న లెక్కతోనే ప్రభుత్వ విశ్వవిద్యాలయాన్ని తూచేవాళ్లకు దుర్గ్ చుట్టుపక్కల పొలాలు చూపించాలనిపిస్తుంది. ఛత్తీస్‌గఢ్ రైతు ఇష్టంగా వేసే వరి రకాల్లో స్వర్ణ ఒకటి, ఎంటీయూ 1010 ఇంకొకటి. రెండూ మన పశ్చిమ గోదావరి మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి వెళ్లినవే. ఆ కేంద్రం మన వ్యవసాయ విశ్వవిద్యాలయానిది, ఆ విశ్వవిద్యాలయం 1964లో అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ తోడ్పాటుతో నిలబడింది. కాన్సాస్‌ది 1862 నాటి భూదాన చట్టం పుణ్యాన పుట్టిన ప్రభుత్వ విశ్వవిద్యాలయం. రైతుల బిడ్డలకూ మెకానిక్కుల బిడ్డలకూ పై చదువు చెప్పాలని, రాష్ట్రాలకు భూములిచ్చి పెట్టించిన కోవలోది. (ఆ భూములు అక్కడి ఆదివాసుల నుంచి లాక్కున్నవే. బస్తర్‌ను ఎరిగినవాళ్లకు అది విడిగా చెప్పనక్కర్లేదు.) మార్టేరులో వరి సంకరం చేసిన శాస్త్రజ్ఞుడి ‘ప్లేస్‌మెంట్’ ఒక్కటే. దాని మీద బతికిన రైతులు, మిల్లు కూలీలు, లారీ డ్రైవర్లు ఎన్ని రాష్ట్రాల వాళ్లో ఏ ర్యాంకుల పట్టికా చెప్పదు.

ఇప్పుడు భిలాయిలో ఐఐటీ కూడా ఉంది. 2016లో రాయ్‌పుర్‌లో తాత్కాలికంగా మొదలై, కుటేలాభాఠాలో సొంత ప్రాంగణానికి వచ్చింది. గొప్పే. కానీ దేశమంతటి నుంచి వడబోసిన కొద్ది వందల మంది పిల్లలు అక్కడ చదివి దేశమంతటికీ వెళ్తారు. బాలోద్ నుంచో కవర్ధా నుంచో బస్సెక్కి వచ్చే అమ్మాయికి దక్కేది రాష్ట్ర విశ్వవిద్యాలయమే. చదువయ్యాక పనిలో చేరి ఈ జిల్లాల్లోనే ఉండిపోయేదీ ఎక్కువగా ఆ అమ్మాయే. రాష్ట్రం తన పనివాళ్ల గురించి మాట్లాడుతున్నప్పుడు ఎవరి గురించి మాట్లాడుతోందో ముందు తేల్చుకోవాలి.

డబ్బు లేదంటారు. కొంత నిజం. కానీ డబ్బుతో పెద్దగా పని లేనివీ ఉన్నాయి. ఒకే ఊళ్లో దేశంలోకెల్లా పెద్ద ఉక్కు కర్మాగారాల్లో ఒకటి, ఒక ఐఐటీ, రాష్ట్రమంతటికీ సాంకేతిక విశ్వవిద్యాలయం. మూడూ ప్రజల సొమ్ముతో కట్టినవే, ఒక పూటలో ఆటో మాట్లాడుకుని మూడూ చుట్టి రావచ్చు. ప్లాంటు ప్రయోగశాలలో మూడో ఏడాది విద్యార్థి ఒక సెమిస్టరంతా నమూనాలు పరీక్షించి ఆ మార్కులు డిగ్రీలో కలుపుకోవడానికి, ప్లాంటు ఇంజనీరు వారానికో రోజు తరగతికి వచ్చి చెప్పడానికి, ఐఐటీ పరికరాల మీద రాష్ట్ర విశ్వవిద్యాలయం పరిశోధక విద్యార్థికి గంటలు కేటాయించడానికి కొత్త భవనమేదీ అక్కర్లేదు. డబ్బు కావాల్సింది ఒక్కచోట, ఖాళీగా ఉన్న బోధన పోస్టుల్లో. వాటిని అతిథి అధ్యాపకులతో పీరియడ్ల లెక్కన నెట్టుకొస్తే, గేటు దగ్గర కాంట్రాక్టరు చేసే పనే విశ్వవిద్యాలయం లోపల ప్రభుత్వమూ చేస్తున్నట్టు. పర్మనెంటు పోస్టులకు నోటిఫికేషన్ ఇవ్వమని రాయ్‌పుర్‌నూ, అదే నోటితో అమరావతినీ హైదరాబాద్‌నూ అడగాలి. ఎన్నికల మేనిఫెస్టోలో కొత్త విశ్వవిద్యాలయం పేరు కనిపించినప్పుడల్లా, పాతదాంట్లో ఎన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నాయో చెప్పి ఓటడగమనాలి.

హైడ్రోజన్ రీడింగు 1.7 చూపించిన రోజు ఆ ప్లాంటుకు కావాల్సిన మనిషి లేకపోలేదు. ఆ మనిషి అయ్యుండాల్సిన కుర్రాడు గేటు దగ్గర లారీ నంబరు రాసుకుంటున్నాడు.