ఒకే అంచెలో కక్ష్యకు: ఇంధనం లెక్క ఏం చెబుతోంది?

2024 జూన్ 23న చిత్రదుర్గ జిల్లా చళ్లకెరె రన్‌వే మీద ఇస్రో రెక్కల వాహనం 'పుష్పక్' దిగింది. హెలికాప్టర్ నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున వదిలేస్తే తనంతట తానే దిగడం అది మూడోసారి. చూసినవారికి సహజంగానే ఒక సందేహం వస్తుంది: విమానంలా నేల మీది నుంచే లేచి, ఏ భాగమూ పారేయకుండా కక్ష్యకు వెళ్లి రాలేదా? అలా అయితే ఖర్చు తగ్గుతుంది కదా?

అడ్డుపడేది ఇంధనం లెక్క. కక్ష్యలో నిలవాలంటే సెకనుకు దాదాపు 7.8 కిలోమీటర్ల వేగం కావాలి. గాలి, భూమ్యాకర్షణ తినేసేది కూడా కలిపితే ఇంజన్లు 9 కిలోమీటర్లకు పైగా వేగం ఇవ్వాలి. కిరోసిన్, ఆక్సిజన్‌తో అయితే బయలుదేరే బరువులో సుమారు 94 శాతం అవే ఉండాలి. మిగతా ఆరు శాతంలోనే ట్యాంకులు, ఇంజన్లు, ఉపగ్రహం సర్దాలి. హైడ్రోజన్ వాడితే 88 శాతం చాలు. అయితే ద్రవ హైడ్రోజన్ అదే పరిమాణం నీటి బరువులో పద్నాలుగో వంతే తూగుతుంది కాబట్టి ట్యాంకు బాగా పెద్దదవుతుంది. తిరిగి రావడానికి కావలసిన రెక్కలు, చక్రాలు, వేడిని తట్టుకునే పలకల బరువూ ఆ కొద్ది వాటాలోంచే పోవాలి.

అమెరికా ఎక్స్-33లో ఎత్తును బట్టి సర్దుకునే ఏరోస్పైక్ ఇంజన్లు పెట్టాలనుకున్నారు. 1999లో పరీక్షలో హైడ్రోజన్ ట్యాంకు దెబ్బతింది, 2001లో పథకమే రద్దయింది. గాలిలోని ఆక్సిజన్‌నే వాడుకునే సేబర్ ఇంజన్ కోసం శ్రమించిన బ్రిటన్ సంస్థ రియాక్షన్ ఇంజన్స్ 2024లో దివాలా తీసింది. 2016 ఆగస్టు 28న శ్రీహరికోట నుంచి ఇస్రో పరీక్షించిన స్క్రామ్‌జెట్ దాదాపు ఐదు సెకన్లు పనిచేసింది. అది మంచి ముందడుగే. కానీ స్క్రామ్‌జెట్ నిలబడి ఉన్న చోటు నుంచి లేవలేదు, గాలి లేని చోట మండదు. మొదట్లోనూ చివర్లోనూ రాకెట్ ఇంజన్ ఉండాల్సిందే.

అందుకే 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 8,240 కోట్ల రూపాయలతో ఆమోదించిన కొత్త తరం రాకెట్‌లో మొదటి అంచెను మాత్రమే మళ్లీ వాడతారు. అది సరైన నిర్ణయమే. అంచెలు తగ్గినంత మాత్రాన ప్రయోగం చౌక కాదు. ఒకే యంత్రం ఎంత తక్కువ మరమ్మతుతో ఎన్నిసార్లు ఎగురుతుందన్నదే అసలు లెక్క. ఏటా తగినన్ని ప్రయోగాలు లేకపోతే ఈ పొదుపు కాగితం మీదే మిగులుతుంది.

ఈ పనిలో చాలా భాగం జరిగేది మన చుట్టుపక్కలే. ల్యాండింగ్ పరీక్షలు చళ్లకెరెలో, ఇంజన్ పరీక్షలు తిరునెల్వేలి జిల్లా మహేంద్రగిరిలో. ఇకమీదట రాకెట్ వార్త వస్తే ఎంత ఎత్తుకు వెళ్లిందన్నదే కాదు, మళ్లీ ఎగరడానికి ఎన్నాళ్లు పట్టిందో కూడా అడుగుదాం.