వెళ్ళొస్తామని చెప్పి వెళ్దాం!

మన ఇళ్ళలో గడప దాటేటప్పుడు 'పోతున్నాను' అని ఎవరూ అనరు. చిన్నపిల్లలెవరైనా అంటే 'తప్పమ్మా, వెళ్ళొస్తానని చెప్పు' అని పెద్దవాళ్ళు వెంటనే సరిదిద్దుతారు. పేరంటానికి వచ్చినవాళ్ళని బొట్టు పెట్టి, తాంబూలం చేతిలో పెట్టి గానీ పంపం. వినాయకుణ్ణి నీళ్ళలో కలిపేముందు ఉద్వాసన చెప్పి, మళ్ళీ రమ్మని వేడుకుంటాం. తెలంగాణలో తొమ్మిది రోజులు ఆడిన బతుకమ్మని సద్దుల నాడు ఊరికే చెరువులో వదిలిపెట్టరు. పాటలు పాడి, పసుపు కుంకుమలు ఇచ్చిపుచ్చుకుని, తెచ్చుకున్న ప్రసాదాలు నలుగురికీ పంచి మరీ సాగనంపుతారు.

ఇంత మర్యాద తెలిసిన మనం కలం స్నేహాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెప్పా పెట్టకుండా మాయమైపోతూంటాం!

ఉత్తరాల మీద నడిచే స్నేహాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. 'ముఖం కూడా చూడని వాళ్ళతో స్నేహమేమిటి?' అని ఇంట్లో మగవాళ్ళు నవ్వటం మీలో కొందరైనా వినే ఉంటారు. కానీ, పక్కింటావిడతో చెప్పుకోలేనివి, పుట్టింట్లో చెబితే బెంగపెట్టుకుంటారేమోనని దాచుకున్నవి మనం కాగితం మీదే కదా రాసుకుంటాం! మాలతీ చందూర్ గారి సంగతే చూడండి. ఆంధ్రప్రభ వారపత్రికలో 1952లో మొదలైన ఆవిడ 'ప్రమదావనం' శీర్షిక నాలుగు దశాబ్దాలకు పైగా నడిచింది. వంటల దగ్గర్నుంచి కాపురంలో కష్టాల దాకా ఎంతోమంది ఆడవాళ్ళు ఆవిడకి రాసి సలహాలు అడిగేవారు. వాళ్ళలో ఆవిణ్ణి కళ్ళారా చూసినవాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి? అయినా 2013 ఆగస్టులో ఆవిడ పోయారని తెలిసినప్పుడు, ఇంట్లో పెద్దదిక్కు పోయినట్టు బాధపడ్డవాళ్ళు ఉన్నారు. ముఖం చూడనంత మాత్రాన బంధం చిన్నదైపోదు.

మానెయ్యటానికి కారణాలు ఎన్నయినా ఉండొచ్చు. అత్తగారో మామగారో మంచం పడతారు. కూతురి పురిటికి అమెరికా వెళ్ళాల్సి వస్తుంది. ఇల్లు మారతాం. ఒక్కోసారి ఏ కారణమూ లేకుండానే మనసు పోదు. అదేం తప్పు కాదు. ఏ స్నేహమైనా ఒకరోజుకి ఆగుతుంది. ఆగటం వేరు, అవతలి మనిషిని గుమ్మంలో నిలబెట్టి తలుపు వేసుకోవటం వేరు.

నాకు తెలిసిన ఒకావిడ రాజమండ్రిలో ఉంటారు. నిజామాబాద్ ఆవిడతో పదిహేనేళ్ళు ఉత్తరాలు నడిచాయి. పనసపొట్టు కూర ఈవిడ నేర్పితే, సకినాలు చుట్టటం ఆవిడ నేర్పింది. ఉన్నట్టుండి అటునుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. ఈవిడ రెండుసార్లు రాసింది, జవాబు లేదు. ఇంక చూడండి, ఆఖరి ఉత్తరంలో తనేమైనా నొప్పించే మాట రాసిందా అని ఒకటే ఆలోచన! ఏడాది తర్వాత తెలిసింది, ఆవిడకి కళ్ళలో శుక్లాలు వచ్చి చూపు తగ్గిందట. రాత వంకరపోతోందని సిగ్గుపడి మానేసిందట. మనవడి చేత ఒక్క కార్డు ముక్క రాయించి ఉంటే ఈవిడకి ఏడాది పాటు ఆ బెంగ ఉండేది కాదు కదా!

కాబట్టి మానెయ్యాలనుకున్నప్పుడు ఒక్క ఉత్తరం రాయండి. అది నాలుగు పేజీలు ఉండక్కర్లేదు. ఇకమీద రాయటం కుదరదన్న మాట మొదటి నాలుగు వాక్యాల్లోనే చెప్పెయ్యండి. కారణం చెప్పాలనిపిస్తే చెప్పండి, లేకపోతే లేదు. కానీ అబద్ధపు కారణం మాత్రం రాయకండి. 'మీ వల్ల ఏమీ కాదు' అన్న మాట తప్పకుండా ఉండాలి. అవతలివాళ్ళు వెతుక్కునేది దానికోసమే. ఆవిడ దగ్గర మీరు నేర్చుకున్నది ఏదో ఒకటి పేరు పెట్టి చెప్పండి. 'మీ సకినాలు మా ఇంట్లో ప్రతి సంక్రాంతికీ చేస్తున్నాం' అని రాస్తే, వంద ధన్యవాదాలకన్నా ఎక్కువ. తీసుకున్న పుస్తకాలుంటే తిరిగి పంపెయ్యండి. చివరగా, తిరిగి రాస్తామన్న నమ్మకం లేకపోతే 'తప్పకుండా రాస్తాను' అని ఆశ పెట్టకండి. అలా రాస్తే ఆవిడ మళ్ళీ పోస్టుమాన్ కోసం ఎదురుచూస్తుంది.

మనకే అలాంటి ఉత్తరం వస్తే? కోపం తెచ్చుకోకుండా, ఎందుకని గుచ్చి గుచ్చి అడక్కుండా, చల్లగా ఉండమని జవాబు రాయాలి. సాగనంపటం కూడా ఇల్లాలి పనే కదా!

మనుషులదాకా ఎందుకు, మన దేశంలో 160 ఏళ్ళకు పైగా నడిచిన టెలిగ్రాం 2013 జులైలో ఆగిపోతుందని తెలిసి, జనం తంతి ఆఫీసుల ముందు బారులు తీరి మరీ ఆఖరి టెలిగ్రాములు ఇచ్చారు. తంతి అంటేనే గుండె దడదడలాడిన రోజులున్నాయి. అలాంటిదానికి కూడా వీడ్కోలు చెప్పాలనిపించింది మనవాళ్ళకి!

ఇక వచ్చిన ఉత్తరాల మాట. స్నేహం ఆగిందని వాటిని పాత పేపర్లవాడికి వెయ్యకండి. పిన్నులు, క్లిప్పులు ఉంటే తీసెయ్యండి, తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి. రబ్బరుబ్యాండు కూడా వద్దు, ఎండకి కరిగి అంటుకుపోతుంది. ప్లాస్టిక్ సంచిలో పెడితే చెమ్మ చేరుతుంది. పాత నూలు గుడ్డలో చుట్టి, బాగా ఎండిన వేపాకు వేసి, గోడకి ఆనకుండా బీరువా పై అరలో ఉంచండి. వానాకాలం వెళ్ళాక ఒకసారి తీసి నీడలో గాలికి ఆరబెట్టండి. వంటలు రాసిన ఉత్తరాలుంటే ఒక నోటుబుక్కులోకి ఎక్కించి, ఏ వంట ఎవరు చెప్పారో వాళ్ళ పేరూ ఊరూ పక్కనే రాయండి. రేపు మీ అమ్మాయో కోడలో ఆ పుస్తకం చూసి సకినాలు చేస్తే, నిజామాబాద్ ఆవిడ మీ వంటింట్లో ఉన్నట్టే.

చాన్నాళ్ళుగా జవాబు రాయకుండా మీరు పక్కన పెట్టిన ఉత్తరం ఏదైనా ఉందా? ఎంత ఆలస్యమైనా ఫరవాలేదు. ఈ మధ్యాహ్నం పని తెమిలాక, ఒక్క కార్డు రాసి పడెయ్యకూడదూ?