మెరక ఎవరికి? పల్లం ఎవరికి?

వాతావరణం మారిపోతోందట. మారినదానికి జనం అలవాటు పడాలని అధికారులూ, మేధావులూ ఈమధ్య మనకి పాఠాలు చెబుతున్నారు. అయ్యా, ఆ పాఠం మాకు కొత్తేం కాదు. బియ్యం మూట అటకెక్కించడం, మేకల్ని ఏటిగట్టు మీదికి తోలడం, రేషన్ కార్డూ పిల్లల సర్టిఫికెట్లూ పాలిథిన్ కవర్లో చుట్టి చూర్లో దోపడం గోదావరి జిల్లాల మాలపేటల్లో, మాదిగపేటల్లో చిన్నపిల్లలకీ తెలిసిన విద్యే.

మా ప్రశ్న వేరు. అసలు మేం పల్లంలో ఎందుకున్నాం?

ఊరు మెరక మీద, పేట పల్లంలో. ఈ గీత గోదారమ్మ గీసింది కాదు, కులం గీసింది. ఊళ్ళో మురుగు పేటలోకి దిగుద్ది. వరదనీరు ముందు పేటలోకొస్తుంది, ఆఖరున పేటలోంచి పోతుంది. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6 తుఫాను, 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద... ఏళ్ళు మారాయి గాని ముందు మునిగే ఇల్లు మారలేదు.

ఎండ సంగతీ అంతే. 2015 మే నెల వడగాడ్పులకి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా పోయారు. ఎక్కువమంది ఎవరు? కూలోళ్ళు, ముసలోళ్ళు. ఏసీ గదుల్లోవాళ్ళు కాదు.

ఇవాళ పట్నం పెరుగుతోంది. ఊరవతలికి పేటని నెట్టినట్టే పట్నం అవతలికి పేదోణ్ణి నెడుతున్నారు. రాజమండ్రి సంగతే చూడండి. 2020లో పేదల ఇళ్ళస్థలాల పేరుతో బూరుగుపూడి దగ్గర దాదాపు 600 ఎకరాల ఆవ భూములు ఎంచారు. ధర ఎకరా 45 లక్షలు! ఆవ అంటే ఏమిటో పశువులకాపరినడిగినా చెబుతాడు: వానాకాలం నీళ్ళు నిలిచే పల్లం. ఆ ధరకి మెరక నేల దొరకలేదా? వ్యవహారం హైకోర్టుదాకా వెళ్ళింది. మట్టి పోసి ఎత్తు చేస్తే చాలదా అంటారు కొందరు. ఒకచోట ఎత్తు చేస్తే ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి? పక్కనున్న కూలోడి గుడిసెలోకి!

1927లో మహాడ్ చెరువు దగ్గర బాబాసాహెబ్ అంబేద్కర్ మన నీటిహక్కు కోసం నిలబడ్డారు. నీటిలో మునగకుండా బతికే హక్కు కోసం ఇప్పుడు మనం నిలబడాలి.

అన్నలారా, అక్కలారా! ఏ పార్టీవాళ్ళు పట్టా ఇస్తామన్నా సంతకం పెట్టేముందు ఒక్క మాట అడగండి: "1986లో ఈ నేల మీద నీళ్ళు ఎంతెత్తు నిలిచాయి?" అది గ్రామసభలో అడగండి, జవాబు కాగితం మీద రాయించండి. మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశాక పంపే పడవా, పులిహోర పొట్లం దయ. ముందే ఇచ్చే మెరక నేల హక్కు.

మనకి దయ వద్దు. మెరక కావాలి.

జై భీమ్!