తెరుచుకోని ఉత్తరాల పెట్టె

మొన్న ఇందల్వాయిలో ఒక సహోదరి, "అయ్యగారూ, మా ఉత్తరాలన్నీ పోయినవి" అని ఏడ్చింది. భర్త దుబాయిలో ఉన్నాడు. అతడు పంపిన అగ్రిమెంటు, జీతం కాగితాలు కంప్యూటరులో థండర్‌బర్డ్ అనే ఈమెయిల్ ప్రోగ్రాములో ఉన్నవి. దింపుకున్న ఉత్తరం సర్వరులో మిగలకుండా పెట్టుకున్నారు గనుక వేరే ప్రతి లేదు. ఇన్‌బాక్స్ తెరిస్తే ఖాళీ! కొడుకేమో అంతా తీసేసి కొత్తగా ఎక్కిద్దామంటున్నాడు. వద్దన్నాను. నేనొకసారి అలాగే చేసి సంఘపు లెక్కలు పోగొట్టుకున్నవాడినే.

ఈ ప్రోగ్రాము మామూలుగా ఒక్కొక్క ఫోల్డరులోని ఉత్తరాలన్నిటిని ఒకే ఫైలులో వరుసగా పేర్చుతుంది. ప్రక్కన ఎం.ఎస్.ఎఫ్. అనే చిన్న సూచిక ఫైలు ఉంటుంది. కరెంటు పోయి కంప్యూటరు ఆగినప్పుడు ఈ సూచిక చెడిపోవచ్చు. పాటల పుస్తకంలో విషయసూచిక చిరిగితే పాటలు పోతాయా?

ముందు ప్రోగ్రాము మూయించి, ప్రొఫైల్ ఫోల్డరంతా పెన్‌డ్రైవులోకి కాపీ చేయించాను. ఇది చేయనిదే మరేదీ ముట్టవద్దు. తరువాత ఇన్‌బాక్స్‌పై కుడి బటను నొక్కి, ప్రాపర్టీస్‌లో 'రిపేర్ ఫోల్డర్' నొక్కమన్నాను. సూచిక మరల తయారైంది. 'కాంపాక్ట్' జోలికి మాత్రం పోనివ్వలేదు. తీసివేసిన ఉత్తరాలు అది చేసేదాకా ఫైలులోనే ఉంటాయి, చేస్తే పోతాయి.

అగ్రిమెంటు దొరికింది. జీతం కాగితాలలో రెండు ముక్కలై వచ్చినవి. వాటిని మరల పంపమని ఆ రాత్రే భర్తకు ఫోను చేసింది.