షౌక్ అని పేరు పెడితే షరాబ్ హలాల్ అయిపోతుందా?



మన మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఖాందాన్ల పిల్లలు ఇప్పుడు డల్లాస్‌లో ఉన్నారు, షికాగోలో ఉన్నారు. మాషాఅల్లా, సంతోషం. వాళ్ళలో కొందరు ఈమధ్య ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక ట్రిప్పు గురించి తెగ మాట్లాడుకుంటున్నారు. అమెరికాలో కెంటకీ రాష్ట్రం, అందులో బార్డ్స్‌టౌన్ అనే చిన్న ఊరు, అక్కడ ఏటా సెప్టెంబరులో జరిగే బర్బన్ విస్కీ పండగ. లీవు ఎప్పుడు పెట్టాలి, టికెట్లు ఎప్పుడు తీయాలి, ఏ హోటల్లో దిగాలి, తిరిగొచ్చేటప్పుడు కారు ఎవరు నడపాలి అని లెక్కలు. ఉమ్రాకు పోయేవాళ్ళు కూడా ఇంత ముందునుంచి తయారవరు. చివర్లో పెద్దల కోసం ఒక మాట తగిలిస్తారు: "మేం తాగం మామూ, ఊరికే చూసొస్తాం."

తాగుతారో లేదో అల్లాకే తెలుసు. నా జగడా దాని గురించి కాదు. రేపు ఆ ఫోటోలు వచ్చాక వాటి కింద మనం పెట్టబోయే మాషాఅల్లాల గురించి.

ముందు ఆ బర్బన్ అంటే ఏమిటో చూద్దాం. కనీసం 51 శాతం మొక్కజొన్నతో కాచి, లోపల మంటతో మాడ్చిన కొత్త ఓక్ పీపాల్లో నిలవపెట్టిన విస్కీ. 1964లో అమెరికా కాంగ్రెస్ దాన్ని తమ దేశపు ప్రత్యేక సరుకుగా తీర్మానం చేసింది. బార్డ్స్‌టౌన్ తనను తాను ప్రపంచ బర్బన్ రాజధాని అని చెప్పుకుంటుంది. అక్కడి వాళ్ళకు అది కల్చర్, వ్యాపారం, టూరిజం. వాళ్ళ దేశం, వాళ్ళ ఇష్టం. నా సవాల్ మనవాళ్ళకు.

ఆ పండగ మొదలైంది 1992లో. ఆ సంవత్సరం గుర్తుందా? మన నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా అంగడి మీద తిరగబడిన సంవత్సరం కూడా అదే. అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ళు, వర్ధినేని రోశమ్మ లాంటివాళ్ళు, ఇంటికి చేరని కూలి డబ్బుల గురించి మాట్లాడుకుని, కొంగు బిగించి బయటికొచ్చారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో అది పోయింది. ఒకే సంవత్సరంలో ఒక దేశంలో షరాబ్‌కు పండగ మొదలైంది, మన దగ్గర షరాబ్ మీద జంగ్ మొదలైంది. మన పిల్లలకు మొదటిది తెలుసు. రెండోదాని గురించి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఇంకో ట్రిప్పు సంగతి. 2020 మేలో మన ప్రభుత్వం మందు ధరలు రెండు విడతల్లో 75 శాతం పెంచింది. కుప్పం మూడు రాష్ట్రాల మూల. మదనపల్లె నుంచి చింతామణి రోడ్డు పట్టుకుంటే కర్ణాటక. బండి మీద సరిహద్దు దాటి అట్టపెట్టె ప్యాకెట్ల మందు తెచ్చుకున్నవాళ్ళు ఎందరో. చెక్‌పోస్టులో దొరికితే కేసు, బండి జప్తు. ఊళ్ళో పరువు నష్టం. అదే నెలలు గడిచేసరికి, జులైలో, ప్రకాశం జిల్లా కురిచేడులో మందు దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చచ్చిపోయారు.

హమాలీ చింతామణి రోడ్డు దాటితే దొంగ. ఇంజనీరు సముద్రం దాటితే షౌకీన్. సరుకు ఒకటే కదా భాయ్? ఒకటి అట్టపెట్టెలో ఉంది, ఒకటి ఓక్ పీపాలో ఉంది. సూరా మాయిదా 90వ ఆయత్‌లో పీపాకు మినహాయింపు ఉందని ఏ ఆలిమ్ దగ్గర చదివారు?

మన మొహల్లాల్లో జరిగేది చూడండి. ఆటో నడిపే కుర్రాడికి రిష్తా మాట్లాడితే మొదటి సవాల్, "తాగుతాడా?" తాగుతాడని తెలిస్తే రిష్తా అక్కడే ఆగిపోతుంది. ఆగాలి కూడా, తప్పులేదు. అదే అమెరికా దుల్హా అయితే ఆ సవాల్ నోటికే రాదు. జీతం ఎంత, వీసా ఏది, ఇల్లు కొన్నాడా, ఇంతే. ఎవరైనా ఖాలా ధైర్యం చేసి అడిగితే, "అక్కడ పార్టీల్లో కొంచెం సోషల్‌గా..." అని నవ్వేస్తారు. ఆ కొంచెం ఎంతో తెలుసుకునేది ఆ అమ్మాయి. అదీ వేల మైళ్ళ దూరంలో, అమ్మీ లేదు, ఆపా లేదు, రాత్రి పూట తలుపు తట్టడానికి పక్కింటి ఫాతిమా ఖాలా లేదు. ఆటో కుర్రాడి బీవీకి కనీసం మొహల్లా ఉంది. ఈ అమ్మాయికి ఏం ఉంది?

తాగే హమాలీ మస్జిద్ కమిటీలో ఉంటానంటే నవ్వుతారు. బర్బన్ ఫోటోలు పెట్టినాయన వజూఖానాకు టైల్స్ వేయిస్తానంటే మొదటి సఫ్‌లో చోటు చూపిస్తారు. దీనికి ఉర్దూలో మంచి పేరే ఉంది, మునాఫిఖత్. తెలుగులో చెప్పాలంటే, ఉన్నవాడికి ఒక న్యాయం, లేనివాడికి ఒక న్యాయం.

ఇక బహానాలు. ఒక్కొక్కటే చూద్దాం.

"డిస్టిలేషన్ కనిపెట్టింది మనవాళ్ళే కదా, అల్కహాల్ అన్న మాట కూడా అరబీదే కదా." ఔను, ఆ మాట అల్-కుహ్ల్ నుంచి వచ్చింది. కుహ్ల్ అంటే కళ్ళకు పెట్టుకునే సుర్మా. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్-కిందీ అత్తర్ల తయారీ మీద, డిస్టిలేషన్ మీద కితాబ్ రాశాడు. ఆ ఇల్మ్‌తో మనవాళ్ళు గులాబ్ నీళ్ళు తీశారు, అత్తర్ తీశారు, దవా తీశారు. కత్తి ఎవరు చేశారని కాదు మియా, నువ్వు దాంతో ఏం కోస్తున్నావన్నది సవాల్.

"గాలిబ్ తాగలేదా?" ఉర్దూ మీడియంలో చదువుకున్న నా బోటివాళ్ళు ఈ పేరు వింటే మెత్తబడతారని వాళ్ళ నమ్మకం. గాలిబ్ తాగాడు, అప్పు చేసి మరీ తాగాడు. కానీ తాగుడును గొప్పతనం అనలేదు, తన మీద తనే ఎగతాళి చేసుకున్నాడు. మీరు గాలిబ్ గ్లాసు తీసుకుని, ఆ షర్మిందగీని వదిలేశారు. పైగా షేర్ ఒక్కటీ రాయలేదు.

"చూడ్డానికే పోతున్నాం." షరాబ్ తిరిగే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోవద్దని హదీసు. తాగినవాడే కాదు, పిండినవాడు, మోసినవాడు, అమ్మినవాడు, పోసినవాడు, దాని సొమ్ము తిన్నవాడు అందరూ ఆ లానత్‌లో భాగమని ఇంకో హదీసు. రుచి చూడ్డానికే ఏర్పాటైన పండగకు టికెట్టు కొని, "చూడ్డానికి" అనడం నియ్యత్‌తో ఆట.

"కొంచెం తాగితే ఏమీ కాదు." దీన్ మాట పక్కన పెట్టండి, డాక్టర్ల మాట వినండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే షరాబ్‌ను కేన్సర్ తెచ్చే పదార్థాల మొదటి జాబితాలో పెట్టింది. ఇంత వరకు తాగితే క్షేమం అనే కొలతే లేదని ఆ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పింది.

ఇదంతా అమెరికా సంగతి, మనకెందుకు అంటారా? 2025 ఫిబ్రవరిలో మన కేంద్ర ప్రభుత్వం బర్బన్ మీద దిగుమతి సుంకాన్ని 150 శాతం నుంచి 100 శాతానికి తగ్గించింది. రేపు బెంగుళూరు దావత్‌లోకి, ఎల్లుండి మన ఊరి ఫంక్షన్ హాలు వెనక గదిలోకి అది వస్తుంది. కింద చూస్తే 2024 అక్టోబరు నుంచి మన రాష్ట్రంలో 99 రూపాయల క్వార్టర్ వచ్చింది. 2025 అక్టోబరులో మదనపల్లెకు దగ్గర్లోని ములకలచెరువులో నకిలీ మందు తయారుచేసే కేంద్రమే బయటపడింది. పైవాడికి బర్బన్, కిందివాడికి నకిలీ. రెండింటి మధ్యా మన పిల్లలు పెరుగుతున్నారు.

కాబట్టి పెద్దలకు నా మాట. ఆటో కుర్రాణ్ణి అడిగే సవాల్ అమెరికా దుల్హానూ అడగండి, అదే గొంతుతో అడగండి. జవాబు నచ్చకపోతే వీసా చూసి లొంగిపోకండి. తాగుడులో పడ్డ గరీబ్‌ను మస్జిద్ మెట్ల మీద నుంచి తరమకండి, డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి. వాడిది బీమారీ కూడా. ఆ ఫోటోల కింద మాషాఅల్లా పెట్టకండి. ఏమీ రాయకపోయినా చాలు, పిల్లలకు అర్థమవుతుంది.

పిల్లలకు కూడా ఒక మాట. కెంటకీ పోవాలనుంటే తప్పకుండా పోండి. బార్డ్స్‌టౌన్‌కు సుమారు 40 మైళ్ళ దూరంలోనే లూయివిల్ ఉంది. మహమ్మద్ అలీ పుట్టిన ఊరు. 1967లో వియత్నాం యుద్ధానికి రానని చెప్పి, చాంపియన్ బెల్టును పోగొట్టుకున్న మనిషి. 2016 జూన్‌లో ఆయన జనాజా నమాజ్ అక్కడే జరిగింది, కేవ్ హిల్ కబ్రస్తాన్‌లో ఆయన పడుకుని ఉన్నాడు. ఆయన పేరు మీద మ్యూజియం ఉంది. బీవీ పిల్లల్ని తీసుకుపోండి, కబర్ దగ్గర ఫాతిహా చదవండి, ఫోటో తీసి గ్రూపులో పెట్టండి.

దాని కింద మాషాఅల్లా నేనే మొదట పెడతాను. ఖుదా హాఫిజ్.